సంస్థాగత మదుపరుల వాటాల పరిశీలన

సంస్థాగత మదుపరులు అనగా ప్రజల నుండి సేకరించిన సొమ్మును పెద్దమొత్తంలో షేర్లలో పెట్టే సంస్థలు. మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలు, పింఛను నిధులు, విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు ఈ కోవకు చెందుతారు. వీరి కొనుగోళ్ళు, అమ్మకాలు షేరు ధరపై ప్రభావం చూపుతాయి. అందువలన చిన్న మదుపరులు వాటిని గమనిస్తూ ఉంటారు.

నేపథ్యం
భారతదేశ షేర్ మార్కెట్లలోకి విదేశీ సంస్థాగత మదుపరులను 1992లో అనుమతించారు. 2014లో సెబీ నిబంధనలతో విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు అనే కొత్త వర్గం ఏర్పడింది. 2025 మార్చి నాటికి జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలలో దేశీయ సంస్థల వాటా విదేశీ మదుపరుల వాటాను దాటింది.

సమాచారం లభించే విధం
* ప్రతి కంపెనీ త్రైమాసికం ముగిసిన 21 రోజులలోగా వాటాదారుల వివరాల పట్టికను స్టాక్ ఎక్స్ఛేంజికి సమర్పించాలి. ఒక శాతం, అంతకు మించి వాటా గల ప్రజా వాటాదారుల పేర్లు ఇందులో ఉంటాయి.
* మ్యూచువల్ ఫండ్లు తమ వద్దనున్న షేర్ల వివరాలను నెలనెలా ప్రకటిస్తాయి.
* కంపెనీ మొత్తం షేర్లలో 0.5 శాతానికి మించి ఒకేరోజు ఒకే ఖాతాలో లావాదేవీ జరిగితే దానిని బల్క్ డీల్ అంటారు. ఈ వివరాలు అదేరోజు వెలువడతాయి.

ఎక్స్ఛేంజీలు ప్రతిరోజూ ప్రకటించే విదేశీ, దేశీయ సంస్థల కొనుగోలు, అమ్మకాల మొత్తాలు మార్కెట్ అంతటికీ సంబంధించినవి. వాటిని బట్టి ఏ ఒక్క షేరు గురించీ నిర్ణయానికి రాలేము.

పరిమితులు
త్రైమాసిక పట్టిక గడచిపోయిన స్థితిని మాత్రమే చూపుతుంది. అది వెలువడే నాటికే ఆ సంస్థ తన షేర్లను అమ్మివేసి ఉండవచ్చు. శాతాన్ని మాత్రమే చూడడం కూడా పొరపాటుకు దారితీస్తుంది. ఉదాహరణకు 10 కోట్ల షేర్లు గల కంపెనీలో ఒక ఫండుకు కోటి షేర్లు ఉంటే దాని వాటా 10 శాతం. కంపెనీ మరో 2.5 కోట్ల షేర్లు కొత్తగా జారీచేసి, ఆ ఫండు వాటిలో ఏమీ కొనకపోతే దాని వాటా 8 శాతానికి తగ్గుతుంది. ఫండు మాత్రం ఒక్క షేరు కూడా అమ్మలేదు. కావున శాతంతో పాటు షేర్ల సంఖ్యను కూడా పోల్చి చూడాలి.

సత్యం ఉదంతం
హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్‌లో 2008 నాటికి ప్రమోటర్ల వాటా పది శాతం కంటే తక్కువ. పెద్ద వాటా సంస్థాగత మదుపరులదే. 2008 డిసెంబరు 16న ప్రకటించిన మేటాస్ కంపెనీల కొనుగోలును మదుపరుల నిరసనతో కొద్ది గంటలలోనే విరమించుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఖాతాలలో లేని నగదును ఉన్నట్లు చూపామని అంగీకరించారు. ఆ ఒక్కరోజే షేరు ధర 75 శాతానికి పైగా పడిపోయింది. పెద్ద సంస్థలు కొన్నంత మాత్రాన కంపెనీ ఖాతాలు సక్రమమని భావించరాదని ఈ ఉదంతం తెలియజేస్తుంది. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలను వెల్లడించడం దీని తరువాతే సెబీ తప్పనిసరి చేసింది.

సంస్థలు షేర్లు అమ్మడానికి కంపెనీతో సంబంధంలేని కారణాలు కూడా ఉంటాయి. తమ మదుపరులకు సొమ్ము తిరిగి చెల్లించవలసి రావడం, సూచీలో షేరు స్థానం మారడం అటువంటివి. ఎవరు ఎంత కొన్నారో పట్టిక చెబుతుంది గాని, ఎందుకు కొన్నారో చెప్పదు.