నారుమడికి చేరని వానకబురు

నైరుతి ఋతుపవనాల వేళ రాగానే దేశమంతా కేరళ వైపు చూస్తుంది. జూన్ 1 అన్న తేదీ పత్రికలవారికీ, షేరు మార్కెట్ల వారికీ కంఠస్థమే. కాని అంతకు పది పన్నెండు రోజుల ముందే ఆ మేఘాలు మన దేశపు గడ్డను ఒకచోట తాకి ఉంటాయి. ఆ గడ్డ అండమాన్, నికోబార్ దీవులు. 2025లో మే 13 నాటికే ఋతుపవనం నికోబార్‌లో ప్రవేశించింది; కేరళకు మే 24న చేరింది. పార్లమెంటులో వ్యవసాయంపై చర్చలు చాలా విన్నాను. తొలివాన పడే చోట నాగలి పట్టినవాని ప్రస్తావన వాటిలో వచ్చిన సందర్భాలు మాత్రం వేళ్ళమీద లెక్కింపదగినవే.

ఆ దీవులు మనకు పరాయివి కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 100కి 13 మంది మాతృభాష తెలుగు. వీరిలో అధికులు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పొట్ట చేతబట్టుకొని వెళ్ళినవారి సంతతి. కార్తెల లెక్క కూడా వారి వెంట వెళ్ళే ఉంటుంది. అది అక్కడ చెల్లదు. రోహిణికి రోళ్ళు పగులుతాయన్నది మన ఒడ్డున మాట. అక్కడ రోహిణిలో మోకాలి బురద. మే నుంచి డిసెంబరు దాకా సాగే వానలతో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. విశాఖ వర్షపాతానికి ఇది రెండున్నర రెట్లకు పైమాటే.

కనుక అక్కడి వరిరైతు ప్రశ్న వాన వస్తుందా అని కాదు, ఎప్పుడు తెరపి ఇస్తుందని. నారు పోసిన మరునాడే కుంభవృష్టి అయితే మొలకలు కొట్టుకుపోతాయి. నాటిన వారంలోనే ముంపు వస్తే వేరూనని మొక్క కుళ్ళిపోతుంది. యూరియా చల్లిన సాయంత్రం వాన పడితే ఆ డబ్బు వాగు పాలు. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లయితే భారీ వర్షమనీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షమనీ వాతావరణ శాఖ పరిభాష. రైతుకు కావలసింది ఈ అంకెలు కావు. బుధవారం నాట్లు వేయవచ్చునా, శనివారం దాకా ఆగవలెనా అన్న ఒక్క మాట.

ఈ మాట అవసరం పూర్వం ఇంతగా లేదు. బర్మా నుంచి వచ్చిన సి-14-8 అనే పొడుగు రకం వరిని దీవుల రైతులు దశాబ్దాల తరబడి పండించారు. దాదాపు ఆరు నెలల పంట, దిగుబడీ అంతంతమాత్రమే. కాని పగటి పొద్దు కుదించుకుపోతే తప్ప అది పొట్టకు రాదు. ముందు నాటినా, వెనుక నాటినా వానలు తగ్గుముఖం పట్టిన తరువాతనే కోతకు వస్తుంది. పంచాంగం ఆ విత్తనంలోనే ఉన్నదన్నమాట. పోర్ట్‌బ్లెయిర్‌లో 1978లో నెలకొన్న కేంద్రీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తక్కువ కాలంలో ఎక్కువ పండే రకాలను అందించింది. మంచి పనే. అయితే పొద్దుతో నిమిత్తం లేని రకాలు నాటిన తేదీని బట్టి పండుతాయి. తొందరపడితే పూత, కోత రెండూ వానలో చిక్కుతాయి. విత్తనంలో లేని పంచాంగాన్ని ఎవరో ఒకరు బయటి నుంచి చెప్పవలసి ఉన్నది.

దీనికితోడు 2004 డిసెంబరు 26 నాటి సునామీ. ఆ భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ వంటి చోట్ల ఒకప్పటి వరిమళ్ళను సముద్రపు పోటు ఆక్రమించింది. మిగిలిన పల్లపు చేలలో వాననీరు దిగిపోవాలంటే ఆటు వేళ కోసం కాచుకోవాలి. తుపాను సంగతి సరేసరి. 2014లో హుద్‌హుద్ వాయుగుండంగా మారిన మరునాడే, అక్టోబరు 8న, అండమాన్‌లోని లాంగ్ ఐలండ్‌ను దాటింది. విశాఖపై పడింది 12న. మనకు దొరికిన నాలుగు రోజుల వ్యవధి వారికి ఎన్నడూ దొరకదు.

ఇక ఢిల్లీ సంగతి. సూచనలకు ధనం లేదని ఎవరూ అనలేరు. 2024 సెప్టెంబరులో మిషన్ మౌసమ్‌కు 2,000 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. 2025 మేలో, ఆరు కిలోమీటర్ల గడిని యూనిట్టుగా తీసుకొని వాన కబురు చెప్పే కొత్త విధానాన్ని ఆవిష్కరించారు. బాగున్నది. కాని 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాలలో నెలకొల్పుతూ వచ్చిన 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను 2024 మార్చిలో మూసివేసింది కూడా ఈ ఢిల్లీయే. సూచనను పంటకు అన్వయించి, వారానికి రెండుసార్లు రైతు భాషలో చెప్పడమే వాటి పని. యంత్రానికి కోట్లు, ఆ యంత్రం మాట మోసుకుపోయేవానికి ఉద్వాసన! ఈ పొదుపు నాకు బోధపడలేదు.

శాసనసభ గల రాష్ట్రమైతే ఆ లోటును తన బడ్జెట్టుతో పూడ్చుకోవచ్చు. కనీసం సభలో రభస చేయవచ్చు. అండమాన్‌కు శాసనసభ లేదు, లోక్‌సభలో ఉన్నది ఒక్కరే సభ్యుడు. పార్లమెంటే దాని శాసనసభ. వర్షాకాల సమావేశాలు సాధారణంగా జూలై మూడవ వారంలో ఆరంభమవుతాయి. డిగ్లీపూర్, రంగత్‌లలో నాట్లకు ఆయత్తమయ్యే రోజులవి. హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగు మాట్లాడే ఆ రైతులకు వారి వారి భాషలో వానకబురు చెప్పే మనుషులు ఎందరున్నారని మన తెలుగు సభ్యులలో ఒక్కరైనా అడుగరాదా? ఇందులో పార్టీ విప్‌తో పని లేదు. లోక్‌సభ ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సమావేశాల తొలి వారంలోనే జవాబు రావాలంటే నోటీసు జూన్ నెలాఖరుకు సిద్ధం కావాలి.