వైద్యం ఉచితం, మరి దారి?

మా పెదనాయనకు గొంతు క్యాన్సర్. కార్డు మీద వైద్యం ఉచితమే. కానీ మూడు వారాలకోసారి కీమోకు తిరుపతి పోవాల. గండికోట నుంచి 200 కిలోమీటర్ల పైమాటే. 108 ఉండేది ప్రాణం మీదికొచ్చినప్పటికి, కీమోకు కాదు. వాంతులతో బస్సులో కూర్చోలేడు. కారు బాడుగకు మేకలు అమ్మినాం. మేకలైపోయినాక ఆయనే అన్నాడు: "ఇంక నేను పోనులేరా."

దాన్ని జబ్బు ముదిరింది అంటారా? కాదు, దారి చంపుతోంది.

2024లో గండికోట పర్యాటకానికి కేంద్రం సుమారు 78 కోట్లు మంజూరు చేసింది. చూసిపోయేటోళ్లకు కోట్లు, ఈడ బతికేటోళ్లకు ఒక వ్యాను లేదా? కడప జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా లేదు. అట్లని యానాది, ఎరుకల, సుగాలి ఇండ్లకు క్యాన్సర్ రాకుండా ఆగిందా?

రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్ టికెట్ ఉచితం, తోడుపోయే మనిషికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి సర్టిఫికెట్ కావాల. ఇది మనోళ్లలో ఎంతమందికి తెలుసు? తెలిసినా, ఎర్రగుంట్ల స్టేషన్ దాకా ఎవరు చేర్చాల?

మనం అడిగేది దయ కాదు, హక్కు. జమ్మలమడుగు నుంచి క్యాన్సర్ రోగులకు ఉచిత వ్యాను నడపాల. మీ ఊర్లో రోగుల లిస్టు రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దాం. అందరం పోదాం.

జై ఆదివాసీ!