బడి, ఇల్లు, బిడ్డ నోటి మాట



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పాఠకుల నుండి ఇటీవల ఈ శీర్షికకు అందిన ప్రశ్నల్లో ఒకే భయం పలు రూపాల్లో కనబడుతోంది. "బడుల్లో అబ్బాయిని అమ్మాయిగా, అమ్మాయిని అబ్బాయిగా రాసుకుంటారట. ఆ సంగతి కన్నవారికి చెప్పనవసరం లేదట. నిజమేనా మౌలానా?" అని ఒక సోదరి అడిగారు. మరొకరు తమకు ఫోనులో వచ్చిన సందేశాన్నే యథాతథంగా పంపించి, పిల్లలను బడి మాన్పించమంటారా అని సలహా కోరారు. ఏదైనా వార్త వచ్చినప్పుడు దాని నిజానిజాలు తేల్చుకోవాలని సూరహ్ హుజురాత్ 6వ ఆయతు మనల్ని ఆదేశిస్తోంది. కాబట్టి ముందుగా నిజానిజాలు చూద్దాం.

ఆ సందేశాల్లో ఉన్నవి చాలావరకు అమెరికా, కెనడా దేశాల వార్తలు. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2024లో ఒక చట్టం వచ్చింది. విద్యార్థి తన లింగం గురించి బడిలో చెప్పుకున్న విషయాన్ని ఇంటికి తెలియజేయాలని ఉపాధ్యాయులను నిర్బంధించే నిబంధనలను అది నిషేధించింది. కెనడాలోని సస్కాచివాన్ రాష్ట్రం 2023లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన చట్టం చేసింది. 16 ఏళ్ళలోపు పిల్లలు బడిలో వేరే లింగపు పేరుతో పిలిపించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అంది. వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని ఉన్న మాంట్‌గోమరీ కౌంటీలో చిన్న తరగతుల కథల పుస్తకాల విషయమై ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు కలిసి కోర్టుకెళ్ళారు. ఆ పాఠాలు జరిగేటప్పుడు తమ పిల్లలను బయటికి పంపే వెసులుబాటును బడివారు 2023లో ఎత్తివేయడమే వారి అభ్యంతరం. 'మహ్మూద్ వర్సెస్ టేలర్' అనే ఆ దావాలో 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తల్లిదండ్రుల పక్షాన నిలిచింది. అయితే ఆ తీర్పు పాఠాలకు సంబంధించినది. బిడ్డ రహస్యాన్ని బడి దాచవచ్చునా, దాచరాదా అన్నది అందులోని వివాదం కాదు. ఈ రెంటినీ కలగాపులగం చేసి మన ఫోనుల్లోకి ఎవరో వదిలారు.

ఇక మన దేశం సంగతి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో హిజ్రాలు తదితరులను మూడో లింగంగా గుర్తించింది. ఆ తర్వాత 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చేసింది. గుర్తింపు పత్రం కోసం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, దరఖాస్తు చేసుకోవాలనీ, మైనరు విషయంలో ఆ దరఖాస్తును తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని చేయాలనీ ఆ చట్టంలో రాశారు. పత్రం కోసం ప్రధానోపాధ్యాయుడు తనంతట తాను అర్జీ పెట్టగల మార్గం అందులో లేదు.

పాఠశాలల విధానం గురించి అసలైన వివాదం మన దగ్గర 2021లో రేగింది. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో ఎలా కలుపుకోవాలో ఉపాధ్యాయులకు నేర్పే కరదీపికను ఎన్‌సీఈఆర్‌టీ విడుదల చేసింది. మరుగుదొడ్లు, యూనిఫాం, వరుసల్లో ఆడ మగ విభజన మొదలైనవాటిపై అందులో సూచనలున్నాయి. యౌవనాన్ని ఆపి ఉంచే మందుల ప్రస్తావన కూడా ఉంది. జాతీయ బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పగానే, నవంబరు నెలలో ఆ పుస్తకం వెబ్‌సైటు నుండి మాయమైంది. పొరుగునున్న మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఈ ఉపసంహరణను తప్పుబట్టారు. 2023 జనవరిలో మరో ముసాయిదా వచ్చింది. అదే కాలంలో కేరళలో బాలుస్సేరి బాలికల పాఠశాలలో ప్యాంటు, చొక్కా యూనిఫాం ప్రవేశపెట్టగా ముస్లిం సంస్థలు నిరసించాయి. ఎవరిపైనా దాన్ని రుద్దబోమని 2022లో ఆ ప్రభుత్వం ప్రకటించింది.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఒక లోటు ఉంది. పుస్తకం తయారుచేసినవారు తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడి ఉండవలసింది. ఆపించినవారు తరగతి గదిలో ఎగతాళికి గురయ్యే బిడ్డకు బదులు ఏదో ఒక ఏర్పాటు చూపి ఉండవలసింది. పుస్తకం పోయింది గాని వెనుక బెంచీలో తలవంచుకుని కూర్చునే పిల్లవాడు అక్కడే ఉన్నాడు.

ఇప్పుడు షరీఅత్ ఏమంటుందో చూద్దాం. మన మదర్సాల్లో శతాబ్దాలుగా బోధిస్తున్న 'హిదాయా' గ్రంథంలో ఇమాం మర్గీనానీ 'ఖున్‌సా' పేరిట ఒక అధ్యాయమే కేటాయించారు. పుట్టుకతో ఆడ, మగ చిహ్నాలు రెండూ ఉన్నవారు, లేదా ఏదీ స్పష్టంగా లేనివారు ఖున్‌సా. వారు నమాజు వరుసలో ఎక్కడ నిలవాలి, వారసత్వంలో వారి వాటా ఎంత అని ధర్మవేత్తలు చర్చించారు. దీనిని గమనించండి. వారికి సఫ్‌లో చోటు ఉందా లేదా అని ఎవరూ అడగలేదు, ఎక్కడ అని మాత్రమే అడిగారు. ఆస్తిలో వాటా ఉందా అని కాదు, ఎంత అని అడిగారు. మన మొహల్లాల్లో ఇలాంటి బిడ్డ పుడితే తలుపులు మూసుకుంటున్నాం.

కుప్పం వైపు కుటుంబాలు ఇలాంటి శిశువులను వేలూరు తీసుకెళ్ళి వెంటనే ఆపరేషను చేయించాలని తొందరపడుతుంటాయి. ప్రాణాపాయం ఉంటే తప్ప శిశువులకు అలాంటి శస్త్రచికిత్సలు చేయరాదని 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు చెప్పిన మీదట తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది ఉత్తర్వు జారీచేసింది. చికిత్సను ధర్మం కాదనదు. 1989లో మక్కాలోని రాబితా ఫిఖ్ అకాడమీ, అస్పష్టంగా పుట్టినవారి చికిత్సను అనుమతించింది, స్పష్టంగా పురుషుడుగా లేదా స్త్రీగా పుట్టినవారు దాన్ని మార్చుకోవడాన్ని నిషేధించింది. అయితే తొందర వేరు, చికిత్స వేరు.

రెండో సంగతి నడవడికకు సంబంధించినది. స్త్రీలను అనుకరించే పురుషులను, పురుషులను అనుకరించే స్త్రీలను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) శపించారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఈ హదీసు మనందరికీ తెలుసు, జుమా ప్రసంగాల్లో తరచుగా వింటాం. అయితే ఇమాం నవవీ సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో చెప్పిన మాట అంతగా వినబడదు. గొంతులో, నడకలో, కదలికల్లో పుట్టుకతోనే మృదుత్వం ఉన్నవారిపై నింద లేదు, పాపం లేదు. కావాలని అలా తయారయ్యేవారి గురించే ఆ శాపం అని ఆయన వివరించారు. అలాగే చేతులకు, కాళ్ళకు గోరింటాకు పెట్టుకున్న ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) సన్నిధికి తెచ్చినప్పటి ఉదంతం అబూదావూద్‌లో ఉంది. అతణ్ణి మదీనా వెలుపలి నఖీ అనే చోటికి పంపించారు. చంపేద్దామా అని సహచరులు అడిగితే, నమాజు చేసేవారిని చంపరాదని తనకు ఆదేశముందని సెలవిచ్చారు. తప్పును తప్పన్నారు, ప్రాణాన్ని కాపాడారు.

అన్నింటికన్నా ముందు ఒక మాట. గొంతు సన్నగా ఉన్న ప్రతి అబ్బాయీ, క్రికెట్ ఆడాలనుకునే ప్రతి అమ్మాయీ ఈ చర్చలోకి రారు. పదమూడేళ్ళ వయసులో దేహం మారుతున్నప్పుడు పిల్లల మనసులో ఎన్నో అలజడులు లేస్తాయి. వాటిలో అనేకం కాలంతోపాటు సర్దుకుంటాయి. ఆ అలజడికి బడివారు తొందరపడి ఒక పేరు తగిలించడాన్ని నేను అంగీకరించను. ఇంట్లోవారు, బంధువులు, తోటివారు తగిలించే పేరును అంతకన్నా అంగీకరించను. ఆ పదాలేవో మీకు తెలుసు, ఇక్కడ రాయను. సూరహ్ హుజురాత్ 11వ ఆయతు పరిహాసాన్ని, చెడ్డపేర్లతో పిలవడాన్ని నిషేధించింది. మన పిల్లవాణ్ణి అవమానించిన మొదటి నోరు చాలాసార్లు మన ఇంటి నోరే.

తల్లిదండ్రుల హక్కు ఎంత అనే ప్రశ్నకు వస్తాను. మిమ్మల్నీ మీ ఇంటివారినీ అగ్ని నుండి కాపాడుకోండని సూరహ్ తహ్రీమ్ చెప్పింది. ఆ బాధ్యతను బడి మన తరఫున మోయలేదు. కాబట్టి బిడ్డకు సంబంధించిన గంభీరమైన సంగతి ఏదైనా తల్లిదండ్రులకు తెలియాలి. దాచిపెట్టడమే నియమంగా పెట్టుకున్న విధానం ఏ దేశంలో ఉన్నా అది అన్యాయమే. అయితే ఒక మినహాయింపును కాదనలేం. తెలిస్తే తండ్రి కొట్టి చంపుతాడనో, అమ్మాయిని రాత్రికి రాత్రి పెళ్ళి చేసి పంపుతాడనో ఉపాధ్యాయుడికి నిజమైన భయం ఉంటే? అప్పుడు ఆయన బాలల సంక్షేమ కమిటీకి చెప్పడం దోషం కాదు. అమానతును కాపాడవలసినవాడే దానికి ముప్పుగా మారితే ఆ హక్కు బలహీనమవుతుంది. 2019 చట్టంలోని 12వ సెక్షను కూడా, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుండి వేరుచేయరాదనీ, బిడ్డ మేలుకోరి కోర్టు ఆదేశిస్తే తప్ప అలా జరగరాదనీ అంది. ఇల్లే బిడ్డకు చోటు అని చట్టం అంటోంది. ఇక ఇంటివారే బిడ్డను బయటికి తోస్తే ఏ సెక్షను ఆపుతుంది?

కుప్పం మీదుగా బెంగళూరు పోయే రైళ్ళలో చప్పట్లు కొడుతూ పెట్టె పెట్టెకూ వచ్చేవారిని మీరు చూసే ఉంటారు. పది రూపాయలిచ్చి ముఖం తిప్పుకుంటాం. వారిలోనూ మన నమాజులు నేర్చుకున్నవారున్నారు. వారిలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక తల్లి పాలు తాగి పెరిగినవారే.

సూరహ్ యూసుఫ్ ఆరంభాన్ని ఈ కోణంలో ఒకసారి చదవండి. చిన్న వయసులో ఉన్న యూసుఫ్ (అలైహిస్సలామ్) తాను చూసిన వింత కలను మొదట తండ్రికే చెప్పారు. యాఖూబ్ (అలైహిస్సలామ్) నవ్వలేదు, గద్దించలేదు. అన్నలకు చెప్పవద్దని హెచ్చరించి, ఆ రహస్యాన్ని కాపాడారు. బిడ్డ నోటి మాట మొదట తండ్రి చెవిన పడటానికి ఆ ఇంట్లో ఆ తండ్రి సంపాదించుకున్న నమ్మకమే కారణమని నాకు అనిపిస్తుంది. మన పిల్లలు టీచరుకు చెప్పి మనకు చెప్పలేదంటే టీచరు మీద కోపం తెచ్చుకునే ముందు ఇంట్లో ఎప్పుడు ఏం విన్నారో గుర్తుచేసుకోవాలి.

చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల వంతు, అంటే నాలుగింట మూడు వంతుల మంది, తల్లిదండ్రులే ఉండాలి. 2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జూలై 10న మన రాష్ట్రంలో మెగా తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. వాటిలో బురఖాలో వచ్చిన తల్లులు కనబడ్డారు గాని తండ్రులు పలుచగా ఉన్నారని విన్నాను. వెళ్ళండి. ఆరోగ్య పాఠాల్లో ఏం చెబుతారో, బయటి సంస్థలు వచ్చి తరగతులు తీసుకుంటే ముందుగా మనకు తెలుపుతారా, మరుగుదొడ్డికి వెళ్ళడానికి భయపడే పిల్లలకు ఏ ఏర్పాటు ఉందో మర్యాదగా అడగండి. అపార్ సంఖ్యకు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేముందు పేరు, లింగం, పుట్టినతేదీ గళ్ళు చదవండి.

మదర్సాలకు 2012 సవరణ ద్వారా విద్యాహక్కు చట్టం నుండి మినహాయింపు ఉంది. అల్లాహ్ ముందు జవాబుదారీకి మినహాయింపు లేదు. హాస్టలులో ఒక పిల్లవాణ్ణి మిగతావారు వేధిస్తుంటే ఆ పిల్లవాణ్ణే ఇంటికి పంపేయడం కొన్నిచోట్ల పరిపాటి అయింది. వేధింపు లైంగికమైనదైతే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలుపడం మనకూ విధి.

పుంగనూరు నుండి ఒక తల్లి రాసిన ఉత్తరానికి జవాబు బాకీ ఉంది. ఆమె కుమారుడికి పదమూడేళ్ళు. బడిలో అతణ్ణి ఆడపేరుతో ఏడిపిస్తున్నారు, చదువు మానేస్తానంటున్నాడు. బడికెళ్ళి చెప్పాలా, చెబితే పరువు పోతుందా అని ఆమె సందేహం. చెప్పండి సోదరీ. మీరు ఒక్కరే కాదు, ఆయన కూడా రావాలి. ఏడిపించే పిల్లల పేర్లు, ఎప్పుడు ఎక్కడ జరిగిందో కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పిల్లవాడు లోపల ఏమనుకుంటున్నాడో బలవంతంగా తవ్వకండి. అతడే చెబితే మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినండి. ఎదుగుదలలో తేడా ఉందని సందేహముంటే మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల వైద్యునికి చూపించండి. తాయెత్తులవారి దగ్గరకు తిప్పకండి. ఇక మీ వారు కోపం వచ్చినప్పుడు అదే పేరుతో పిలుస్తారని ఉత్తరం చివర రాశారు. బడికి వెళ్ళే ముందురోజే ఆ పిలుపు ఇంట్లో ఆగాలి. ఈ పేజీని ఆయనకు చదివి వినిపించండి.