నా చేత్తో కట్టిన అంటు

చాట్రాయి మండలంలో మామిడి తోటలు కొట్టేసి పామాయిల్, మొక్కజొన్న వేస్తున్న రైతులున్నారు. దండగమారి తోట ఎన్నాళ్లు మేపమంటారని వారు అడుగుతున్నారు. కాదనలేం. కానీ పక్క చేలోనే, నష్టపోతూ కూడా గొడ్డలి ఎత్తని పెద్ద రైతు ఉంటాడు. “ఏం బాబాయ్, నువ్వు తీసెయ్యవేం?” అంటే ఒక్కటే జవాబు: “నా చేత్తో కట్టిన అంటు అబ్బాయ్, ఎట్లా కొడతాను?”

పట్నంలో కూర్చుని లెక్కలేసేవాళ్లు దీన్ని అమాయకత్వం అంటారు. మేము అనం. టెంక పాతి, మొక్క లేచాక రసాల కొమ్మ తెచ్చి అంటు కట్టి, ఎండాకాలం బిందెలతో నీళ్లు మోసి, నాలుగైదేళ్లు కాపు కోసం కనిపెట్టుకున్నవాడికి ఆ చెట్టు కలప కాదు. మన ఇళ్లలో ఆవకాయ సంగతీ అంతే. బజారులో సీసాలకు కరువా? అయినా కాయ ఏరి, తుడిచి, ముక్క కొట్టించి, పిండీ కారం కలిపి జాడీకెత్తిన ఇల్లాలు తన ఆవకాయే గొప్పదంటుంది, ఉప్పెక్కువైన ఏడు కూడా!

నార్టన్, మోచన్, ఆరియెలీ అనే ముగ్గురు పరిశోధకులు 2012లో ప్రచురించిన పత్రంలో ఇదే తేల్చారు. కాగితాన్ని కొంగలుగా, కప్పలుగా మడత పెట్టించి, ఎంతకు కొంటారని అడిగారు. చేసినవాళ్లు తమ వంకర బొమ్మకు సగటున 23 సెంట్లు ఇస్తామన్నారు. ఊరికే చూసినవాళ్లు అదే బొమ్మకు 5 సెంట్లన్నారు. ఇంట్లో బిగించుకునే బల్లలూ బీరువాలూ అమ్మే ఐకియా కంపెనీ పేరే ఈ గుణానికి పెట్టారు.

ఆ 23కూ 5కూ మధ్య తేడాలోనే మన రైతు నలిగిపోతున్నాడు. చెట్టు కింద నిలబడితే అతనికి కాయలో ఇంటిల్లిపాది చాకిరీ కనిపిస్తుంది. పూత మీద తోట బేరమాడే షావుకారుకు టన్నులే కనిపిస్తాయి. పైగా రైతు ఆ మమకారం కొద్దీ తన కూలీ, భార్యాబిడ్డల కూలీ లెక్కలో వేసుకోడు. గిట్టినా గిట్టకపోయినా మందు కొడతాడు, నీళ్లు పెడతాడు. దళారీకి ఇంతకన్నా ఏం కావాలి?

వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ లెక్కల్లో ‘కుటుంబ శ్రమ’ అని ఒక పద్దు లేకపోలేదు. కానీ కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మామిడి లేదు. 2025లో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి, అంటే మన కలెక్టరు కాయ, ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలన్నది: 8 ఫ్యాక్టరీలు, 4 సర్కారు. తమకు 8 ముట్టలేదని రైతులు రోడ్డెక్కారు. అదైనా కొంపలు మునిగాక చేసిన ఏర్పాటు. రసాలకూ బంగినపల్లికీ కూడా, పూతకు ముందే, ఇంటి చాకిరీ కలిపి లెక్కగట్టి ధర చెప్పాలని మేము అడుగుతున్నాం.

ఆ పరిశోధనలో రెండో సగం కూడా ఉంది. చేసిన వస్తువును మళ్లీ ఊడదీయించినా, సగంలో ఆపేయించినా ఆ మమకారం నిలవలేదట. ఇది చదవగానే మాకు కౌలు రైతు గుర్తొచ్చాడు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం అతనికి ఇచ్చింది 11 నెలల కాగితం. దానికి కూడా భూయజమాని ఒప్పుకోవాలి. అంటు కాపుకు రావటానికి నాలుగైదేళ్లు పడుతుంది. సంతకం కోసం యజమాని గుమ్మం చుట్టూ తిరిగే మనిషిని చెట్టు పెంచమనండి, చూద్దాం!