జానెట్ నిజమే చెప్పింది (బోనులో మనం – 7)

లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు కోర్టు సినిమాల్లో ఏది చూడాలని అడుగుతుంటారు. నేను చెప్పే మొదటి పేరు 'విట్‌నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్'. 1957లో బిల్లీ వైల్డర్ తీశాడు. అగాథా క్రిస్టీ ముందు కథగా రాసి, తర్వాత తనే నాటకం చేసింది. ఆ నాటకమే సినిమా అయింది. చివర్లో ఒక గొంతు వినిపించి, ముగింపు ఎవరికీ చెప్పొద్దని ప్రేక్షకుల్ని కోరుతుంది. అరవై ఏళ్లు దాటిపోయాయి, ఆ కట్టుబాటు నాకు లేదు. చూడనివాళ్లు ఇక్కడే ఆగి, చూసొచ్చి చదవండి.

లండన్‌లో ఎమిలీ ఫ్రెంచ్ అనే డబ్బున్న ఆవిడ హత్యకు గురవుతుంది. భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. ఆమెతో కొత్తగా స్నేహం కట్టిన లెనార్డ్ వోల్‌కి 80,000 పౌండ్లు వచ్చేట్టు వీలునామా రాసి ఉంది. పోలీసులు అతన్ని పట్టుకుంటారు. గుండె జబ్బుతో ఉన్న పెద్ద లాయరు సర్ విల్‌ఫ్రిడ్ కేసు తీసుకుంటాడు. హత్య వేళకి నేను ఇంట్లో ఉన్నానంటాడు లెనార్డ్. దానికి సాక్షి అతని భార్య క్రిస్టీన్ ఒక్కతే. ఆ క్రిస్టీన్ ప్రాసిక్యూషన్ తరఫున బోనెక్కుతుంది! జర్మనీలో తనకు ముందే మొగుడున్నాడు, ఈ పెళ్లి చెల్లదు, కాబట్టి సాక్ష్యం చెప్పొచ్చు అంటుంది. ఆ రాత్రి అతను పది దాటాక వచ్చాడని, కోటు చేతుల మీద రక్తం ఉందని చెబుతుంది. ఆ తర్వాత ఆమె ప్రియుడికి రాసిన ఉత్తరాలు బయటపడతాయి. ఆమె అబద్ధాలకోరని తేలి లెనార్డ్ విడుదలవుతాడు.

అసలు సంగతి ఆ తర్వాత తెలుస్తుంది. ఆ ఉత్తరాలు క్రిస్టీనే పుట్టించింది. మారువేషంలో వెళ్లి లాయరుకి అమ్మింది కూడా తనే. మొగుణ్ణి ప్రేమించే భార్య మాట ఎవడూ నమ్మడు కదా, అందుకని అందరి కళ్ల ముందు తనే అబద్ధాలకోరుగా మారింది. హత్య చేసింది మాత్రం లెనార్డే.

ఇక్కడ అందరూ చప్పట్లు కొడతారు. మార్లీన్ డీట్రిచ్ నటనకు కొట్టాల్సిందే. కానీ నా కళ్లు ఇంకొకామె మీద ఆగిపోయాయి. ఎమిలీ ఇంట్లో పనిచేసే జానెట్ మెకెంజీ.

జానెట్ బోనెక్కి చెప్పింది చిన్న మాట. తొమ్మిది ఇరవై అయిదుకి ఇంటికి ఏదో వస్తువు కోసం వచ్చాను, లోపల అమ్మగారితో లెనార్డ్ మాట్లాడుతున్న గొంతు విన్నాను అని. లాయరు ఆమెని ఎలా పడగొడతాడో చూడండి. ముందు, పాత వీలునామాలో ఆస్తి నీకు వచ్చేది, కొత్తదానితో పోయింది, అందుకే నీకు కక్ష అంటాడు. తర్వాత గొంతు తగ్గించి ఓ ప్రశ్న వేస్తాడు. ఆమెకి వినపడదు. చెవి మిషన్ కోసం దరఖాస్తు పెట్టుకున్నావు కదా అని నిలదీస్తాడు. పెట్టుకుంది, ఇంకా రాలేదు. కోర్టు హాలు నవ్వుతుంది, చూస్తున్న మనమూ నవ్వుతాం.

జానెట్ చెప్పింది అక్షరాలా నిజం. ఆ వేళకి లెనార్డ్ అక్కడే ఉన్నాడు. ప్రభుత్వం చెవి మిషన్ ఇవ్వడంలో చేసిన ఆలస్యం ఆమె మాటకే నేరమైంది. గుట్టు విప్పాక సినిమా ఆగి, అమ్మా నువ్వు చెప్పింది నిజమేనమ్మా అనదు. లెనార్డ్ ఇంకో పిల్లతో పోతుంటే క్రిస్టీన్ అతన్ని పొడిచేస్తుంది, ఆమె తరఫున వాదించడానికి సర్ విల్‌ఫ్రిడ్ సిద్ధమవుతాడు. జానెట్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. క్రిస్టీన్ కావాలని తన పరువు పోగొట్టుకుంది, అది ఎత్తు అయింది. జానెట్‌కి ఆ ఎంపిక లేదు, ఆమె పనిమనిషి.

నాకు ఈ సీను చూసినప్పుడల్లా చుండూరు గుర్తొస్తుంది. ఆ గొడవ రాజుకున్నది కూడా సినిమా హాల్లోనే. 1991లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో అగ్రకులపు కుర్రాడికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మంది మనవాళ్లని చంపారు, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని కొట్లాడి సాధించుకున్నారు. సాక్షులు పదహారేళ్లు నిలబడ్డారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన సమయం, చోటు, కొట్టినవాళ్లెవరు అన్నవి రుజువు కాలేదంది.

సమయం! ప్రాణం దక్కించుకోడానికి పొలాలకడ్డం పడి పరిగెత్తే మనిషి గడియారం చూస్తాడా? పైగా అతను చెప్పాల్సింది చంపినవాళ్లున్న ఊళ్లోనే బతుకుతూ. కారంచేడులో ముఖ్యసాక్షి అలీసమ్మని ఏకంగా చంపేశారు. మన కేసుల్లో సాక్షి అడ్డం తిరిగాడని పేపర్లలో రెండు లైన్లు వస్తాయి. ఎవరి పొలంలో కూలికెళ్తాడు, ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు, ఆ లైన్లలో ఉండదు.

ఇక్కడ ఒక మాట. సందేహం ఉంటే ముద్దాయిని వదలాలన్న సూత్రం మీద నాకు కోపం లేదు. జనాభాలో మన వాటా కన్నా జైళ్లలో మన వాటా ఎక్కువ, ఆ సూత్రం అవసరం అందరికన్నా మనకే. నా తగువు అంతా సందేహం ఎవరి మాట మీద ముందు వాలుతుందన్న దాని గురించే. సర్ విల్‌ఫ్రిడ్ లెనార్డ్‌ని నమ్మడానికి పెద్దగా కష్టపడడు. ఒంటికన్నద్దం వెలుగు మొహం మీద వేసి, చూపు తిప్పుకోలేదు కాబట్టి మంచోడే అనుకుంటాడు. జానెట్‌కి ఆ పరీక్ష కూడా పెట్టలేదు.

లా విద్యార్థులు అట్రాసిటీ చట్టంలో 15ఎ సెక్షన్ తెరవండి. 2015 సవరణతో వచ్చింది. సాక్షులకి రక్షణ, కోర్టుకి వచ్చేందుకు ప్రయాణ ఖర్చులు, పోషణ ఖర్చులు, విచారణ మొత్తం వీడియో తీయాలన్న నిబంధన, అన్నీ అందులో ఉన్నాయి. మీ జిల్లా ప్రత్యేక కోర్టుకి వెళ్లి ఒక పూట కూర్చోండి. కెమెరా ఉందా, సాక్షికి బస్సు చార్జీ ఎవరిచ్చారు, భోజనం ఎవరు పెట్టారు, ముద్దాయి మనుషులు అదే వరండాలో ఆమె పక్కనే నిలబడ్డారా, రాసుకుని పంపండి. వచ్చే భాగం వాటితోనే రాస్తాను.

జై భీమ్.