తీసి చూడని ఆవకాయ

బ్యాకప్ సాఫ్టువేరు తరవాతి వెర్షనులో ఏమేం కావాలని మనవాళ్ళని అడిగి చూడండి. జాబితా చాంతాడంత వస్తుంది. ఫలానా క్లౌడుకి సపోర్టు, అందమైన ఇంటర్‌ఫేసు, డార్క్ థీము, ఇంకా గట్టి కంప్రెషను, ఇంకా స్పీడు. అన్నీ దాచడానికే! దాచింది తిరిగొస్తుందో లేదో వారం వారం తనే తీసి చూసి చెప్పాలని అడిగేవాడు మాత్రం నాకు బహు అరుదుగా తగిలాడు.

నేనూ ఆ తానులో ముక్కనే లెండి. కొన్నేళ్ళ క్రితం పనిచేసిన ఒక చోట బ్యాకప్ స్క్రిప్టు రాసింది నేనే. రోజూ పొద్దున్నే "సక్సెస్" అని మెయిలొచ్చేది. ఓ శుక్రవారం రాత్రి డిస్కు పోయింది. తీరా చూస్తే డంపు ఫైళ్ళన్నీ సున్నా బైట్లు! ఎవరో డేటాబేసు పాస్‌వర్డు మార్చారు, డంపు ఫెయిలవుతోంది, తరవాతి కమాండేమో ఖాళీ ఫైలుని శ్రద్ధగా కాపీ చేసి విజయం ప్రకటిస్తోంది. టెస్టు సర్వర్లో మిగిలిన పాత కాపీతో బతికిపోయాం గానీ, రెండు వారాల ఆర్డర్లు పోయాయి. ఆ సోమవారం మా మేనేజరు ముందు నిలబడ్డది నాకింకా గుర్తే.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అనుకునేవాణ్ణి, 2017 జనవరి 31 దాకా. ఆ రోజు గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసు సర్వర్లోనే డేటా చెరిపేశాడు. సుమారు 300 జీబీ. బ్యాకప్, రెప్లికేషన్ కలిపి ఐదు పద్ధతులున్నాయి, ఆపదలో ఒక్కటీ నమ్మకంగా ఆదుకోలేదు. డంపు తీసే ప్రోగ్రాము పోస్ట్‌గ్రెస్ 9.2ది, డేటాబేసు 9.6ది, అందుకే రోజూ ఫెయిలు. ఆ సంగతి చెప్పే మెయిళ్ళు డీమార్క్ సరిగ్గా లేక తిరస్కరణకి గురయ్యాయి. ఆరు గంటల ముందు వేరే పనికోసం ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ కాపాడింది. ఇదంతా దాచకుండా వాళ్ళే బయటపెట్టారు, అందుకు దండం పెట్టాలి.

"చెక్ కమాండు ఉందిగా" అంటారు. ఉంది. రెస్టిక్‌లో మామూలు చెక్ రిపాజిటరీ నిర్మాణాన్నే చూస్తుంది, డేటా అంతా చదవాలంటే రీడ్-డేటా అని విడిగా చెప్పాలి. అదీ చెప్పారనుకోండి, బిట్లు చెడలేదని తేలుతుంది, అంతే. నా సున్నా బైట్ల ఫైలు కూడా ఆ పరీక్ష ఫస్టు క్లాసులో పాసవుతుంది!

నాకు కావల్సినవి మూడే. ఒకటి, టైము ప్రకారం కొంత డేటాని వేరే చోటకి రీస్టోర్ చేసి, నేనిచ్చిన స్క్రిప్టు దానిమీద నడపాలి. డేటాబేసు లేస్తోందా, టేబుల్లో వరసలున్నాయా అని. రెండు, నిన్న 40 జీబీ ఉన్న ఫైలు ఇవాళ సున్నా అయితే గోల పెట్టాలి. మూడు, రిపోర్టు రాకపోతే అదే ప్రమాదమని వేరే మెషీను అరవాలి. వీటన్నిటికీ ఇవాళ మనమే స్క్రిప్టులు అతికించుకుంటున్నాం. అవి బయటి అతుకులుగా కాకుండా సాఫ్టువేరులోనే ఉండాలంటాను. క్లౌడునుంచి వెనక్కి లాగితే బిల్లవుతుంది, నిజమే. అందుకే కొంత కొంత చొప్పున చూడమంటున్నా.

రెస్టిక్‌లో కంప్రెషను కావాలని 2014 నుంచి అడిగితే 2022లో 0.14 వెర్షనుతో వచ్చింది. ఎనిమిదేళ్ళా అని నేనూ సణిగాను. ఇప్పుడనిపిస్తోంది, వాళ్ళదే రైటు. దానికోసం రిపాజిటరీ ఫార్మాటే మార్చాల్సొచ్చింది. ఫార్మాటు జోలికెళ్ళే ఫీచరు ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు. రీస్టోర్ పరీక్షకి ఫార్మాటు ముట్టుకోనక్కర్లేదు కదా, దానికెందుకు ఆలస్యం?

"ఊరికే వచ్చే సరుకుకి ఇన్ని వంకలా?" అని మీరడగొచ్చు. న్యాయమే. రాసేవాళ్ళు తమకి దురద పుట్టినచోటే గోక్కుంటారు. మరి ఆఫీసు సర్వర్లలో వీటిని పైసా ఇవ్వకుండా నడుపుతున్నది మనమే, అర్ధరాత్రి ఫోనొచ్చేదీ మనకే. "నాకూ కావాలి" అని చెయ్యెత్తి కూర్చోకుండా మనం అతికించుకున్న ఆ స్క్రిప్టులే శుభ్రం చేసి ప్యాచ్‌గా పంపొచ్చు. కోడు రాకపోతే ఎక్కడ ఎలా ఫెయిలయిందో వివరంగా బగ్గు రాయొచ్చు.

జాడీకి వాసెన కట్టి అటకెక్కించినంత మాత్రాన ఆవకాయ ఉన్నట్టు కాదు. మూత తీసేదాకా లోపలున్నది ముక్కో బూజో ఎవరికీ తెలీదు. మీరు చివరిసారి మూత తీసి చూసిందెప్పుడు?