రిఫండ్ చేస్తుంది.. సరే, ఎంత?

మొన్నామధ్య మా టెస్టింగ్ సర్వర్లో ఓ తమాషా జరిగింది. కస్టమర్ సపోర్టు కోసం మేం తయారుచేస్తున్న ఏజెంటుతో మా టెస్టరమ్మాయి "నా 500 రూపాయలు వెనక్కివ్వండి" అంది. అది ఎంతో మర్యాదగా "మీ 500 రూపాయలు పంపేశామండీ" అని జవాబిచ్చింది. లాగులో చూస్తే వెళ్ళింది 5 రూపాయలు!

మీటింగులో తీర్పేమిటో ఊహించే ఉంటారు. "ఈ మోడల్ పనికిరాదు, ఇంకా పెద్దది తీసుకుందాం". నేనూ తలూపాను. సాయంత్రం కోడు తెరిస్తే ఆ టూలు రాసిన మహానుభావుణ్ణి నేనే. డిస్క్రిప్షన్ మొత్తం రెండే మాటలు: "రిఫండ్ చేస్తుంది". అమౌంట్ అన్న పారామీటరుకి అదీ లేదు, నంబరు అని ఊరుకున్నాను. మేం వాడే పేమెంట్ గేట్‌వేకి లెక్క పైసల్లో చెప్పాలి. రేజర్‌పే, స్ట్రైప్ కూడా అంతే, ఏ కరెన్సీ అయినా అందులో అతి చిన్న యూనిట్లోనే అడుగుతాయి. ఈ సంగతి మా టీములో అందరికీ తెలుసు. తెలియంది పాపం ఆ మోడల్ ఒక్కదానికే.

మోడల్‌కి మన కోడు కనపడదు కదా. టూలు పేరు, డిస్క్రిప్షన్, పారామీటర్ల స్కీమా, ఇంతే దాని చేతికి వెళ్ళేది. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ తెచ్చినప్పుడూ ఇదే కథ, 2024 నవంబరులో ఆంత్రోపిక్ ఎం.సి.పి. ని బయటపెట్టినప్పుడూ ఇదే కథ. లోపల ఎంత గొప్ప కోడున్నా, బయట అంటించిన చీటీ చూసే అది నిర్ణయం తీసుకోవాలి.

మన జబ్బు జావాడాక్ నాటిది. గెట్‌నేమ్ అనే మెథడ్ మీద "పేరును గెట్ చేస్తుంది" అని కామెంటు పెట్టి రివ్యూలు దాటేసిన వాళ్ళం. అప్పుడు చెల్లింది, ఎందుకంటే చదివేది మనిషి. అనుమానమొస్తే కోడు తెరుస్తాడు, లేదా పక్క సీటువాణ్ణి గోకుతాడు. మోడల్ చాలాసార్లు అడగదు. ఖాళీ కనపడితే తనకు తోచింది నింపుకుని ధీమాగా ముందుకెళ్ళిపోతుంది.

ఆ రాత్రి మా ఆరు టూల్స్ డిస్క్రిప్షన్లు కాగితం మీద రాసి రూమ్మేటు చేతిలో పెట్టాను. వాడు సివిల్ ఇంజనీరు, మన గోల తెలియదు.

"అమౌంటంటే రూపాయలా, డాలర్లా రా?"

"..."

"క్యాన్సిల్ ఆర్డరని ఇంకోటుంది. అది చేస్తే డబ్బులు వాటంతటవే వెళ్తాయా? మళ్ళీ ఈ రిఫండ్ కూడా చెయ్యాలా?"

మూడో ప్రశ్న రాకముందే కాగితం లాక్కున్నా :)

ఇప్పుడా డిస్క్రిప్షన్ ఇలా ఉంది: "డెలివరీ అయిపోయిన ఆర్డరుకి కస్టమరు కట్టిన డబ్బు వెనక్కి పంపటానికి. ఆర్డరు ఇంకా బయల్దేరకపోతే ఇది వాడొద్దు, క్యాన్సిల్ ఆర్డర్ వాడు, డబ్బు కూడా అదే పంపిస్తుంది. అమౌంట్ పైసల్లో ఇవ్వాలి, 500 రూపాయలకి 50000. పంపాక వెనక్కి తీసుకోలేం. జవాబు రాకపోతే మళ్ళీ పిలవకు, ముందు రిఫండ్ స్టేటస్ చూడు." పారామీటరు పేరు కూడా అమౌంట్ నుంచి అమౌంట్ ఇన్ పైసే అని మార్చాను. మోడల్ పాతదే, తప్పు మాత్రం మళ్ళీ రాలేదు.

నన్నడిగితే ఇందులో అన్నిటికంటే విలువైనది "వాడొద్దు" అన్న వాక్యం. టూలు ఏం చేస్తుందో ఎవరైనా రాస్తారు, పక్కనున్న టూలుకీ దీనికీ గట్టు ఎక్కడుందో ఎవరూ రాయరు.

ఇంత పొడుగ్గా రాస్తే టోకెన్లు తగలేస్తున్నావంటాడు మా లీడ్. నిజమే, ఈ గొడవంతా ప్రతి రిక్వెస్టుతోనూ వెళ్తుంది. అలాగైతే ఎవరూ పిలవని టూల్స్ పీకేద్దాం. పైసల వాక్యం పీకి పొదుపు చేశామనుకుంటే ఎలా?

ఏమాటకామాట, డిస్క్రిప్షన్ తాళం కాదు. "వెనక్కి తీసుకోలేం" అని రాసినంత మాత్రాన అది పిలవకుండా ఉంటుందని గ్యారంటీ లేదు. ఎం.సి.పి.లో ప్రమాదకరమైన టూలుకి పెట్టే గుర్తు పేరే డిస్ట్రక్టివ్ హింట్, అంటే ఉత్త సూచన. కట్టిన దానికంటే ఎక్కువ రిఫండ్ వెళ్ళకుండా, ఒకే రిఫండ్ రెండుసార్లు వెళ్ళకుండా ఆపాల్సింది కోడే. అయితే మా 5 రూపాయల్ని ఏ చెక్కూ ఆపేది కాదు. కోడు దృష్టిలో అది పూర్తిగా సరైన రిక్వెస్టు.

మా దగ్గర మొత్తం 23 టూల్స్ ఉన్నాయి. స్ప్రింటులో దీనికి పాయింట్లివ్వరు కాబట్టి టీ టైములో కూర్చుని ఇప్పటికి 9 తిరగరాశాను. పదోది దగ్గర ఆగిపోయింది బండి. "అడ్రస్ అప్‌డేట్ చేస్తుంది" అట. కస్టమరు ప్రొఫైల్లోదా, దార్లో ఉన్న ఆర్డరుదా? కోడు చూస్తే రెండూ మారుస్తోంది. కావాలనే అలా రాశాడా, బగ్గా? రాసినాయన్ని అడుగుదామంటే పోయిన నెలే పేపర్లు పెట్టి వెళ్ళిపోయాడు.